మొదటిసారి సొంతంగా ఆదాయపు పన్ను రిటర్ను: జీతం, డిపాజిట్ వడ్డీ, సరిహద్దు అవతల కౌలు

మహేంద్రతనయ, పర్లాకిమిడి
2025 ఆగస్టు 3

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఉంటూ, దగ్గరలోని ఒక ప్రైవేటు కళాశాలలో 2024 ఏప్రిల్ నుంచి అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో ఇంతవరకు ఆదాయపు పన్ను రిటర్ను వేసినవారు ఎవరూ లేరు కనుక, అడిగి తెలుసుకోవడానికి పెద్దలు లేక ఇక్కడ రాస్తున్నాను. ఈ పని మరొకరికి అప్పగించకుండా నేనే నేర్చుకుని చేయాలన్నది నా కోరిక.

నా జీతం నెలకు 45,000 రూపాయలు. అందులో భవిష్య నిధి, వృత్తి పన్ను పోగా మిగిలినది ఖాతాలో పడుతుంది. కళాశాల కార్యాలయంలో, జీతం, పన్ను కోతల వివరాలుండే ఫారం 16 అడిగితే, మీ జీతం నుంచి పన్ను కోయలేదు కనుక ఆ ఫారం ఇవ్వబోమని చెప్పారు. అది లేకుండా రిటర్ను వేయవచ్చునా అన్నది నా మొదటి సందేహం.

రెండవది డిపాజిట్ సంగతి. మా తాతగారు నా పేరున బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. అది 2027లో గడువు తీరుతుంది. ఇంతవరకు దాని నుంచి నేను ఒక్క రూపాయి వడ్డీ కూడా తీసుకోలేదు. అయినా గత సంవత్సరానికి 48,000 రూపాయల వడ్డీ వచ్చినట్టు చూపి, బ్యాంకువారు 4,800 రూపాయలు టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా కోసే పన్ను) కింద కోశారు. చేతికి రాని వడ్డీని నా ఆదాయంగా ఎందుకు చూపాలో అర్థం కావడం లేదు.

మూడవది, పాతపట్నం మండలంలో అమ్మ నా పేరున రాసిన రెండెకరాల పొలం ఉంది. దానిపై ఏడాదికి 40,000 రూపాయల కౌలు వస్తుంది. నేను ఒడిశాలో ఉంటూ, పొలం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు రిటర్ను ఏ రాష్ట్రంలో వేయాలి? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదంటారు కదా, అసలు దానిని చూపించాలా?

చివరిగా, మా వీధిలోని నెట్ సెంటరులో 500 రూపాయలు ఇస్తే వాళ్లే రిటర్ను వేసి, కోసిన 4,800 కన్నా ఎక్కువ తిరిగి వచ్చేలా చూస్తామంటున్నారు. అది ఎలా సాధ్యమని అడిగితే సరైన సమాధానం రాలేదు. దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


పాతలెక్కలు, బరంపురం
2025 ఆగస్టు 3

అమ్మా, నేను చాలా కాలం లెక్కల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీరు అడిగిన వాటిలో జీతం, వడ్డీల గురించి నేను రాస్తాను. కౌలు గురించి ఈ వృత్తిలోనే ఉన్నవారు రాస్తే మీకు మరింత మేలు.

ముందుగా, రిటర్ను వేయడం మీకు తప్పనిసరి. పన్ను సున్నా అయినవారికి రిటర్ను అక్కరలేదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. మినహాయింపులు తీసివేయక ముందున్న మొత్తం ఆదాయం, పన్ను పడని ప్రాథమిక పరిమితిని దాటితే రిటర్ను వేయాలి. పాత, కొత్త అని ఉన్న రెండు పన్ను విధానాలలో కొత్తదానిలో 2024-25 ఆర్థిక సంవత్సరానికి ఆ పరిమితి 3 లక్షలు. మీ జీతమే 5,40,000.

ఇక ఫారం 16. పన్ను కోసిన యజమాని దానిని తప్పక ఇవ్వాలి, కోయనప్పుడు ఇవ్వకపోవడం తప్పు కాదు. ఆ ఫారం రిటర్నుతో జతచేసేదీ కాదు. మీ పన్నెండు నెలల జీతపు చీటీలు ఉంటే చాలు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాస్‌బుక్కులో పడిన మొత్తాలను కూడి అదే జీతమని రాయకూడదు. భవిష్య నిధికి పోయినదీ, ఒడిశా ప్రభుత్వానికి వృత్తి పన్నుగా పోయినదీ కూడా మీ జీతమే, కాబట్టి కోతలకు ముందున్న 45,000నే పన్నెండు నెలలకు లెక్కకట్టాలి. అలాగే మార్చి జీతం ఏప్రిల్‌లో ఖాతాలో పడినా, పనిచేసిన నెల మార్చి కనుక అది 2024-25కే చెందుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు పాస్‌బుక్కు చూసి పదకొండు నెలల జీతమే చూపడం ఈ కారణంగానే జరుగుతుంటుంది.

వడ్డీ విషయంలో మీ అసంతృప్తి సహజమైనదే. గడువు తీరాక అసలుతో కలిపి ఇచ్చే డిపాజిట్లలో వడ్డీ ఏటా మీ పేరున జమ అవుతూ, తిరిగి డిపాజిట్‌లోనే చేరుతుంది. చేతికి రాకపోయినా ఆ వడ్డీ మీకు సమకూరినట్టే లెక్క. అందుకే బ్యాంకు ఏటా పన్ను కోస్తుంది. ఆ ఏడాదికి, అరవై ఏళ్లలోపు వారికి, ఒక బ్యాంకులో వడ్డీ 40,000 దాటితే పది శాతం కోయాలన్నది నియమం. పరిమితి దాటిన భాగం మీద మాత్రమే కాక మొత్తం వడ్డీ మీద కోస్తారు, కాబట్టి 4,800 సరిగ్గానే ఉంది. ఏటా చూపకుండా 2027లో అంతా ఒకేసారి చూపుదామనుకుంటే, ఆ ఒక్క సంవత్సరంలో ఆదాయం పెరిగిపోవడమే కాక, ఈ ఏడాది కోసిన 4,800 రూపాయలను ఈ రిటర్నులో అడిగే వీలుండదు. ఆదాయం చూపిన సంవత్సరంలోనే దానికి సంబంధించిన టీడీఎస్ జమ దొరుకుతుంది.

ఏ ఫారమూ నింపక ముందు చేయవలసిన పని ఒకటుంది. నా మట్టుకు మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మీ పాన్ సంఖ్యతో నమోదై, లోపలికి వెళ్లి రెండు పత్రాలు దించుకోండి. ఒకటి ఫారం 26ఏఎస్, రెండవది ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదిక. మీ పేరున ఎవరు ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టారో మొదటి దానిలో ఉంటుంది. డిపాజిట్ వడ్డీ, పొదుపు ఖాతా వడ్డీ, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల లావాదేవీలు వంటివి రెండవ దానిలో ఉంటాయి. ఆ పత్రాలను మీ జీతపు చీటీల పక్కన, మీ పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకెను సరిచూడండి. మీ గురించి శాఖకు ఇప్పటికే ఏమి తెలుసో చూసుకోకుండా రిటర్ను నింపడం, జవాబు పత్రం రాశాక ప్రశ్నపత్రం చదివినట్టు అవుతుంది. ఏఐఎస్‌లో ఏదైనా అంకె మీది కాకపోతే, లేదా ఒకే వడ్డీ రెండుసార్లు కనిపిస్తే, అక్కడే అభిప్రాయం తెలిపే సదుపాయం ఉంది. అలాగని ఏఐఎస్‌లో లేనిదల్లా చూపనక్కరలేదని అర్థం కాదు. మీ పొదుపు ఖాతాలో పడిన చిన్న వడ్డీ ఒక్కోసారి అందులో కనిపించకపోవచ్చు, దానినీ కలపాలి.

పోర్టల్‌లో సంవత్సరం ఎంచుకునేటప్పుడు తికమక పడవద్దు. మీరు సంపాదించినది 2024-25 ఆర్థిక సంవత్సరంలో, రిటర్ను వేసేది 2025-26 మదింపు సంవత్సరానికి. పన్నెండు లక్షల వరకు పన్ను లేదని ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో ప్రకటించినది 2025 ఏప్రిల్ 1 తరువాత వచ్చే ఆదాయానికి మాత్రమే వర్తిస్తుంది. ఇప్పుడు వేస్తున్న రిటర్నుకు కొత్త విధానంలోనే అంతకుముందున్న శ్లాబులు (ఆదాయాన్ని బట్టి పన్ను రేటు మారే మెట్లు) వర్తిస్తాయి: 3 లక్షల వరకు ఏమీ లేదు, 3 నుంచి 7 లక్షల వరకు 5 శాతం, ఆ పైన క్రమంగా పెరుగుతుంది. పన్ను విధించదగిన ఆదాయం 7 లక్షలు దాటనివారికి సెక్షన్ 87ఏ కింద 25,000 వరకు రిబేటు, అంటే లెక్కతేలిన పన్నులో తగ్గింపు, ఉంది.

ఈ సంవత్సరం గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు. చివరి రోజుల్లో పోర్టల్ మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కనుక ఈ నెలలోనే పూర్తిచేసుకోవడం మంచిది.


సంతకం, జయపురం
2025 ఆగస్టు 4

బరంపురం పెద్దలు చక్కగా వివరించారు. నేను జయపురంలో పన్నుల వృత్తిలో ఉన్నాను. కౌలు విషయం నేను రాస్తాను, ఎందుకంటే సరిహద్దుకు ఇటు ఉద్యోగం, అటు పొలం ఉన్న కుటుంబాలు మన కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో చాలా ఉన్నాయి. వారిలో ఎక్కువమంది ఇక్కడే పొరబడుతున్నారు.

ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది. పాన్ ఒక్కటే, రిటర్ను ఒక్కటే. దేశంలో ఏ మూల నుంచి ఆదాయం వచ్చినా అదే రిటర్నులో చేరుతుంది. కనుక ఏ రాష్ట్రంలో వేయాలన్న ప్రశ్నే లేదు. చిరునామా మాత్రం మీరు ఉంటున్న పర్లాకిమిడిది ఇవ్వండి. రాష్ట్రానికి సంబంధించినది వృత్తి పన్ను ఒక్కటే. ఏడాదికి 3 లక్షలు దాటిన జీతంపై ఒడిశాలో 2,500 రూపాయలు కోస్తారు. కొత్త విధానంలో దానిని ఆదాయం నుంచి తీసివేసుకునే వీలు లేదు.

సాగులో ఉన్న పొలంపై వచ్చే కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. మీరు స్వయంగా దున్నకపోయినా ఆ గుర్తింపు పోదు. దానిపై కేంద్రం పన్ను వేయదు. కానీ పన్ను లేకపోవడం వేరు, చూపకపోవడం వేరు. జీతం వంటి ఇతర ఆదాయం ప్రాథమిక పరిమితిని దాటి, వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలను మించినప్పుడు, ఇతర ఆదాయంపై ఎంత రేటు పడుతుందో తేల్చడానికి వ్యవసాయ ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మొదట రెండింటినీ కూడి పన్ను కడతారు. తరువాత వ్యవసాయ ఆదాయానికి ప్రాథమిక పరిమితిని కూడి, దానిపై వచ్చే పన్నును మొదటి దాని నుంచి తీసివేస్తారు. మిగిలినదే మీ పన్ను.

మీ అంకెలతోనే చూద్దాం. జీతం 5,40,000 నుంచి, జీతగాళ్లందరికీ ఇచ్చే ప్రామాణిక మినహాయింపు 75,000 పోగా 4,65,000. దానికి డిపాజిట్ వడ్డీ 48,000 కలపండి. పొదుపు ఖాతా వడ్డీ 2,000 అనుకుందాం. మొత్తం 5,15,000. కౌలు 40,000 కూడితే 5,55,000, దానిపై పన్ను 12,750. కౌలుకు 3 లక్షలు కూడితే 3,40,000, దానిపై పన్ను 2,000. తేడా 10,750. మీ పన్ను విధించదగిన ఆదాయం 7 లక్షల లోపే కనుక రిబేటుతో ఆ 10,750 పూర్తిగా పోతుంది. కోసిన 4,800 మీకు తిరిగి వస్తుంది. కౌలును కలపకుండా లెక్కవేసినా సరిగ్గా 10,750 రూపాయలే వస్తుంది, ఎందుకంటే మీ మొత్తం ఒకే శ్లాబులో ఉంది. అంటే నిజం చెప్పడం వల్ల మీకు ఒక్క రూపాయి కూడా నష్టం లేదు.

మారేది ఫారం. అందరూ సహజ్ అని పిలిచే ఐటీఆర్-1ను వ్యవసాయ ఆదాయం 5,000 దాటినవారు వాడకూడదు. మీరు వేయవలసినది ఐటీఆర్-2. చూడటానికి పెద్దదిగా ఉంటుంది గానీ, మీకు వర్తించని భాగాలను ఎంచుకోకపోతే అవి తెరుచుకోవు. జీతం, ఇతర ఆదాయం, మినహాయింపు పొందిన ఆదాయం, టీడీఎస్, బ్యాంకు వివరాలు ఉన్న భాగాలు మీకు చాలు. కౌలును ఈఐ అనే షెడ్యూలులో వ్యవసాయ ఆదాయం దగ్గర రాయాలి. నికర వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటినవారిని మాత్రమే పొలం ఏ జిల్లాలో ఉంది, ఎంత విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా అని అడుగుతారు. మీకు ఆ అవసరం రాదు. అయినా కౌలు ఒప్పందాన్ని, పొలం దస్తావేజు నకలును ఇంట్లో భద్రంగా ఉంచుకోండి.


మహేంద్రతనయ, పర్లాకిమిడి
2025 ఆగస్టు 6

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే 26ఏఎస్, ఏఐఎస్ రెండూ దించుకుని సరిచూశాను. డిపాజిట్ వడ్డీ 48,000, కోత 4,800 రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. పొదుపు ఖాతా వడ్డీ ఏఐఎస్‌లో లేదు, పాస్‌బుక్కు నుంచి తీసుకున్నాను. కౌలు ఎక్కడా కనిపించలేదు కానీ చూపాలనే నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు మరో చిక్కు వచ్చింది. నా చదువు అంతా ఒడిశాలో సాగడం వల్ల ధ్రువపత్రాల్లోనూ, పాన్‌లోనూ నా పేరు ముందు, ఇంటిపేరు చివర పూర్తిగా ఉన్నాయి. డిపాజిట్ ఉన్న పాతపట్నం బ్యాంకు ఖాతాలో మాత్రం ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది. రిఫండ్ కోసం ఆ ఖాతాను పోర్టల్‌లో ధ్రువీకరించబోతే పేరు సరిపోలలేదని వచ్చింది. పాన్‌లోనే పేరు మార్పించుకోవాలా?


పాతలెక్కలు, బరంపురం
2025 ఆగస్టు 6

పాన్‌ను కదపవద్దు అమ్మా. మన సరిహద్దు తెలుగువారికి ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. అటు ఇంటిపేరు ముందు, ఇటు చివర. ఒక చోట పొడి అక్షరం, మరొక చోట పూర్తి పేరు. పన్నుల వ్యవహారంలో పాన్‌లో ఉన్న పేరే ప్రమాణం. మీ పాన్, ఆధార్, ధ్రువపత్రాలు ఒకేలా ఉంటే మార్చవలసినది బ్యాంకు ఖాతాలోని పేరునే. పాన్, ఆధార్ నకళ్లతో ఆ శాఖకు వెళ్లి ఖాతాదారు వివరాల సవరణకు దరఖాస్తు ఇవ్వండి.

అంతవరకు ఆగనక్కరలేదు. మీ జీతం పడే ఖాతాలో పేరు పాన్ ప్రకారమే ఉండి ఉంటుంది. దానిని ధ్రువీకరించి, రిఫండ్‌కు ఆ ఖాతానే ఎంచుకోండి. టీడీఎస్ ఏ బ్యాంకు కోసినా, రిఫండ్ మీరు ఎంచుకున్న ఖాతాలోకి వస్తుంది. వాడుకలో ఉన్న మీ ఇతర ఖాతాల వివరాలను కూడా రిటర్నులో రాయాలి, అయితే రిఫండ్ గుర్తు ఒకదానికి పెడితే సరిపోతుంది.

పాన్‌ను ఆధార్‌తో అనుసంధానం చేశారో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. చేయనివారి పాన్ 2023 జూలై 1 నుంచి పనిచేయడం ఆగిపోయింది. అలాంటివారికి టీడీఎస్ ఎక్కువ రేటుతో కోస్తారు, రిఫండ్ రాదు. మీకు పది శాతమే కోశారు కనుక సమస్య ఉండదనుకుంటాను, అయినా పోర్టల్‌లో ఒకసారి సరిచూడండి.


వంశధార ఒడ్డు, గుణుపురం
2025 ఆగస్టు 7

ఈ చర్చ చదివాక నా సందేహం కూడా ఇక్కడే అడుగుతున్నాను. నేను సివిల్ ఇంజనీరును. గుణుపురంలో ఒక ప్రైవేటు సంస్థలో జీతం ఏడాదికి 4,80,000. సాయంత్రాలు విశాఖపట్నంలోని ఒక సంస్థకు భవనాల డిజైన్లు చేసి ఇస్తే, గత ఏడాది 1,80,000 రూపాయలు ఫీజు ఇచ్చి అందులో 18,000 కోశారు. 26ఏఎస్‌లో దాని పక్కన 194జె అని ఉంది. నా స్నేహితులు దానిని ఇతర ఆదాయంగా ఐటీఆర్-1లో చూపితే సరిపోతుందంటున్నారు.


సంతకం, జయపురం
2025 ఆగస్టు 7

సరిపోదు తమ్ముడూ. 194జె అంటే వృత్తిపరమైన లేదా సాంకేతిక సేవలకు ఇచ్చిన ఫీజు. అది మీ వృత్తి ఆదాయం. ఐటీఆర్-1లో వృత్తి ఆదాయానికి చోటు లేదు. పైగా ఇతర ఆదాయంగా చూపితే మీకు చట్టం ఇచ్చిన మేలును మీరే వదులుకున్నవారవుతారు.

ఇంజనీరింగ్ చట్టంలో పేర్కొన్న వృత్తులలో ఒకటి. సెక్షన్ 44ఏడీఏ ప్రకారం, అలాంటి వృత్తిలో ఏడాది వసూళ్లు 50 లక్షల లోపు ఉన్నవారు లెక్కల పుస్తకాలు రాయనక్కరలేకుండా, వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. మిగతా సగం కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, ప్రయాణాల వంటి ఖర్చులకు పోయినట్టు భావిస్తారు. అంటే మీ 1,80,000లో 90,000 మాత్రమే ఆదాయం. నిజంగా మీకు సగం కంటే ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువనే చూపాలి. జీతం 4,80,000 నుంచి 75,000 పోగా 4,05,000, రెండూ కలిపి 4,95,000. రిబేటుతో పన్ను సున్నా, కోసిన 18,000 తిరిగి వస్తుంది. వేయవలసిన ఫారం సుగమ్ అని పిలిచే ఐటీఆర్-4. అందులో జీతం కూడా చూపవచ్చు.

అయితే మీకు కూడా 5,000 దాటిన వ్యవసాయ ఆదాయం ఉంటే ఐటీఆర్-4 పనికిరాదు, ఐటీఆర్-3కు వెళ్లాలి. మరొక విషయం, జీతం మాత్రమే ఉన్నవారు కొత్త, పాత పన్ను విధానాలలో దేనినైనా ఏటా రిటర్నులోనే ఎంచుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవారు పాత విధానం కావాలంటే గడువులోగా ఫారం 10-ఐఈఏ విడిగా ఇవ్వాలి. తరువాత కొత్త దానికి మారితే మళ్లీ పాత దానికి వెళ్లడం కుదరదు. మీ అంకెలకు కొత్త విధానంలోనే పన్ను సున్నా కనుక ఆ జోలికి వెళ్లనక్కరలేదు.


నాగావళి, రాయగడ
2025 ఆగస్టు 9

మహేంద్రతనయ గారు నెట్ సెంటరు గురించి అడిగినదానికి ఇంకా ఎవరూ రాయలేదు. ఆ విషయమై నేను కొంచెం గట్టిగానే చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మా ప్రాంతంలో ఉపాధ్యాయులు, చిన్న ఉద్యోగులు దీనివల్ల ఇబ్బంది పడుతున్నారు.

మీ నుంచి కోసినది 4,800. మీ పన్ను సున్నా. కనుక మీకు న్యాయంగా వచ్చేది 4,800 మాత్రమే. అంతకంటే ఎక్కువ రప్పిస్తామంటే, కట్టని పన్నును కట్టినట్టు చూపుతామని చెప్పినట్టే. పన్ను కోత ఎక్కువగా ఉన్నవారి విషయంలో వాళ్లు చేసేది మరొకటి. పాత విధానం ఎంచుకుని, లేని ఇంటి అద్దెను, ఇవ్వని విరాళాలను, రాజకీయ పార్టీకి ఇచ్చామంటూ ఒక మొత్తాన్ని, లేని జబ్బుకు వైద్య ఖర్చును రాస్తారు. డబ్బు ఖాతాలో పడినప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఈ జూలై 14న ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపినట్టు ప్రకటించింది. రిటర్ను ఎవరు నింపినా బాధ్యత పాన్ ఎవరిదో వారిదే. ఆదాయాన్ని తప్పుగా చూపినట్టు తేలితే, ఎగవేసిన పన్నుకు రెండు వందల శాతం జరిమానా పడవచ్చు, వడ్డీ అదనం.

దానికన్నా తొందరగా కనిపించని ప్రమాదం ఒకటుంది. ఇలాంటి చోట నమోదు చేయించుకున్నప్పుడు చాలామంది పోర్టల్‌లో తమ సొంత మొబైల్ సంఖ్య, ఈమెయిల్ కాకుండా ఆ దుకాణం వారివి పెట్టించుకుంటారు. నోటీసు వస్తే అది మీకు తెలియదు. సమాధానం ఇవ్వవలసిన గడువు గడిచిపోతుంది. ఇప్పటికే అలా చేయించుకున్నవారు పోర్టల్‌లోని ప్రొఫైల్‌లోకి వెళ్లి సంఖ్య, ఈమెయిల్, రహస్య పదం మూడూ తమ చేతిలోకి తెచ్చుకోవాలి.

మా వైపు మరొక మాట బాగా తిరుగుతోంది. రాయగడ, కోరాపుట్ జిల్లాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు కనుక ఇక్కడి షెడ్యూల్డ్ తెగల ఉద్యోగులకు ఆదాయపు పన్నే లేదని కొందరు రిటర్నులు వేయించి డబ్బు తీసుకుంటున్నారు. సెక్షన్ 10(26) ఇచ్చే ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలలోని నిర్దేశిత ప్రాంతాలకు, లడఖ్‌కు చెందిన తెగలవారికే పరిమితం. మన జిల్లాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందివి, వాటికి ఆ సెక్షన్ వర్తించదు. కష్టపడి పైకి వచ్చిన తొలితరం ఉద్యోగులే ఈ మాట నమ్మి నోటీసుల పాలవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మీ సహోద్యోగులలో ఎవరైనా ఈ మాట అంటే తప్పక వారించండి.


మహేంద్రతనయ, పర్లాకిమిడి
2025 ఆగస్టు 12

నాగావళి గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఈ వివరాలను మా కళాశాలలో తోటివారికి కూడా చెప్పాను. నేను ఐటీఆర్-2 నింపి, జీతం ఖాతాను ధ్రువీకరించి, నిన్న రాత్రి సమర్పించాను. లెక్క సంతకం గారు చూపినట్టే వచ్చింది, రిఫండ్ 4,800 చూపుతోంది. కానీ చివర ధృవీకరణకు ఆధార్ ఓటీపీ అడిగింది. ఆధార్‌లో ఉన్నది నాన్నగారి పాత సంఖ్య, అది ఇప్పుడు పనిచేయడం లేదు. రిటర్ను వేసినట్టేనా, వేయనట్టేనా?


సంతకం, జయపురం
2025 ఆగస్టు 12

సమర్పించారు, కానీ ధృవీకరణ అయ్యే వరకు అది చెల్లుబాటు కాదు. సమర్పించిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంది. ఆలోగా ధృవీకరిస్తే నిన్నటి తేదీయే రిటర్ను తేదీ అవుతుంది. ముప్పై రోజులు దాటితే ధృవీకరించిన రోజునే వేసినట్టు లెక్కిస్తారు. అప్పటికి సెప్టెంబరు 15 దాటిపోయి ఉంటే ఆలస్య రుసుము పడుతుంది. మీ పన్ను విధించదగిన ఆదాయం 5 లక్షలు దాటింది కనుక మీకు ఆ రుసుము 5,000. అంటే రావలసిన 4,800 పోయి, పైన 200 మీరే కట్టవలసి వస్తుంది.

ఆధార్ ఓటీపీ ఒక్కటే దారి కాదు. మీ జీతం ఖాతా ఇప్పటికే ధ్రువీకరణ పొందింది కనుక, ఆ బ్యాంకు ఖాతా ద్వారా ధృవీకరణ సంకేతాన్ని తెప్పించుకునే ఎంపిక పోర్టల్‌లోనే ఉంటుంది. అది ఖాతాకు నమోదైన మీ మొబైల్‌కు వస్తుంది. నెట్ బ్యాంకింగ్ ద్వారా లోపలికి వెళ్లి కూడా ధృవీకరించవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఐటీఆర్-వి అనే ఒక పేజీ పత్రాన్ని ముద్రించి, సిరాతో సంతకం చేసి, స్పీడ్ పోస్టులో బెంగళూరులోని కేంద్రీకృత ప్రక్రియ కేంద్రానికి పంపాలి. ఆ పత్రం కూడా 30 రోజుల లోపే అక్కడికి చేరాలి కనుక, ముందుగా బ్యాంకు ఖాతా దారిని ప్రయత్నించండి. ఆధార్‌లో మీ సంఖ్యను తరువాత తీరికగా ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి.

ధృవీకరణ అయ్యాక సెక్షన్ 143(1) కింద ఒక సమాచార పత్రం మీ ఈమెయిల్‌కు వస్తుంది. దానిని తెరవడానికి పాన్ సంఖ్యను చిన్న అక్షరాలలోనూ, వెంటనే పుట్టిన తేదీనీ కలిపి టైపు చేయాలి. అందులో రెండు వరుసలు ఉంటాయి, మీరు చూపిన అంకెలు ఒకటి, శాఖ లెక్కించినవి మరొకటి. రెండూ ఒకటే అయితే మీరు చేయవలసినది ఏమీ లేదు. తేడా ఉండి, మీవైపు ఏదైనా మరిచిపోయినట్టు తేలితే డిసెంబరు 31 లోపు సవరించిన రిటర్ను వేయవచ్చు.


మహేంద్రతనయ, పర్లాకిమిడి
2025 ఆగస్టు 13

బ్యాంకు ఖాతా ద్వారా ధృవీకరణ పూర్తయింది, రసీదు వచ్చింది. రసీదును, 26ఏఎస్‌ను, జీతపు చీటీలను, కౌలు ఒప్పందాన్ని ఒకే దస్త్రంలో పెట్టాను. పాతపట్నం బ్యాంకులో పేరు సవరణకు వచ్చే వారం వెళుతున్నాను.


పాతలెక్కలు, బరంపురం
2025 ఆగస్టు 13

సంతోషం అమ్మా. బ్యాంకుకు ఎలాగూ వెళుతున్నారు కనుక ఫారం 15జీ గురించి కూడా అడగండి. ఏడాది మొత్తానికి పన్ను సున్నా అవుతుందని లెక్క తేలినవారు దానిని ఇస్తే బ్యాంకు వడ్డీపై పన్ను కోయదు. ఈ ఆర్థిక సంవత్సరం నుంచి కోత పరిమితి 40,000 నుంచి 50,000కు పెరిగింది, కాబట్టి మీ వడ్డీ ఈసారి 50,000 దాటుతుందేమో ముందు కనుక్కోండి. దాటకపోతే ఆ ఫారం అవసరమే ఉండదు. కోసినా, కోయకపోయినా ఆ వడ్డీని వచ్చే రిటర్నులో చూపడం మాత్రం మరువకండి.